రంగం మడి ఎవరి డబ్బుతో కొన్నారు?

మా వైపు ఏ ఇంట్లో అడిగినా రంగం, అంటే బర్మాలోని రంగూను, వెళ్ళినవాడు ఒకడుంటాడు. నరసన్నపేట, టెక్కలి, సోంపేట ఎటు వెళ్ళినా ఇదే కథ. ముత్తాతో, ముత్తాత తమ్ముడో కళింగపట్నంలోనో బారువలోనో స్టీమరెక్కి రంగూను వెళ్ళాడు, రేవులో బస్తాలు మోశాడు, లేదా బియ్యం మిల్లులో పనిచేశాడు. కొందరు డబ్బుతో వచ్చారు, కొందరు జబ్బుతో వచ్చారు, కొందరు రానేలేదు. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో రంగం వెళ్ళినవాడు మా నాన్నకి తాత. ఆయన పంపిన డబ్బుతో కొన్నదని మా అందరి నమ్మకమైన మడి ఒకటి చెరువు కింద ఉంది. ఎకరా ఇరవై సెంట్లు. దాన్ని ఊరంతా రంగం మడి అనే అంటారు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు భోజనాలయ్యాక మా చిన్నాన్న ఈ కథ ఎత్తుతాడు. ఆయన చెప్తుంటే ముత్తాత ఒక్కో బస్తా మోసి ఒక్కో సెంటు కొన్నట్టే ఉంటుంది.

నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేస్తాను. ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రాలు), లింకు డాక్యుమెంట్లు, అడంగళ్ళు (ఊరి భూముల లెక్కలు) రోజూ చూసేవే. ఎవరి భూమి ఎవరి దగ్గర్నుంచి ఎలా వచ్చిందో ఊళ్ళోవాళ్ళందరివీ చదువుతాను కానీ మా సొంత మడి సంగతి ఎప్పుడూ చూడలేదు. ఆ మడికి మా నాన్న పోయాక పేరు మార్చాల్సి వచ్చినప్పుడు పాత కాగితాలు తీయడం మొదలుపెట్టాను. అక్కడినుంచి పని భూమిని వదిలేసి మనుషుల మీదికి పోయింది.

ముందు ఒక నిజం చెప్పుకోవాలి. రంగం వెళ్ళినవాళ్ళ పేర్లు ప్రభుత్వ కాగితాల్లో వెతకడం చాలా కష్టం. మారిషస్, నాటాల్, ఫిజీ వెళ్ళిన కూలీల సంగతి వేరు. వాళ్ళు ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్ళారు కాబట్టి ఒక్కొక్కరికీ నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా రాసి పెట్టారు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో డర్బన్ చేరినవాళ్ళ జాబితా ఇవాళ్టికీ ఉంది. మారిషస్‌లో మోకా దగ్గర మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో అయితే కొందరి ఫోటోలు కూడా ఉన్నాయి. డర్బన్‌లో ఉన్న తెలుగువాడు తన ముత్తాత నంబరు చెప్పగలడు. సముద్రానికి ఈ పక్కనే ఉన్న నేను చెప్పలేను. ఎందుకంటే 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. ఒక జిల్లానుంచి ఇంకో జిల్లాకి పోయినట్టే లెక్క. పాస్‌పోర్టు లేదు, ఒప్పందం కాగితం లేదు. మేస్త్రీ వచ్చి ఊళ్ళో పదిమందిని పోగేసి, టిక్కెట్టు డబ్బు తనే పెట్టి, అక్కడ కూలీలోంచి కోసుకునేవాడు. ఆ లెక్కలు మేస్త్రీ చేతి పుస్తకంలో ఉండేవి. ఆ పుస్తకాలు ఎవరు దాస్తారు? 1931 జనాభా లెక్కల్లో బర్మాలో ఉన్న భారతీయులు పది లక్షలు దాటారు. రంగూను నగరంలో సగంమందికి పైగా మనవాళ్ళే. ఆ అంకెలో మా ముత్తాత కూడా ఉన్నాడు, ఒకటిగా. పేరు లేదు.

అందుకని వెళ్ళినవాణ్ణి వదిలేసి, ఆయన వెనక ఊళ్ళో మిగిలిపోయిన కాగితాల్ని పట్టుకున్నాను.

మొదటివి ఇంట్లోనే దొరికాయి. మా మామ్మ ట్రంకు పెట్టె అడుగున, పెళ్ళి శుభలేఖల కింద, మనియార్డరు కూపన్లు. మనియార్డరు ఫారం కింద చిన్న ముక్క ఉండేది, డబ్బు పంపినవాడు రెండు మాటలు రాసుకోవడానికి. పోస్టుమాన్ ఆ ముక్క చింపి డబ్బుతో పాటు చేతిలో పెట్టేవాడు. ఒకదాని మీద రంగూను ముద్ర, 1930 జూను. అయిదు రూపాయలు. వెనక నీలం సిరాతో మూడు వరుసలు: "నేను క్షేమం. మీరు భయపడవద్దు. గుంటడ్ని బడి మాన్పించవద్దు." అక్షరాలు గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. మా ముత్తాతకి చదువు రాదు. ఎవరో అక్కడి రాయసగాడు రాసి ఉంటాడు, కూపనుకి ఇంత అని తీసుకుని. చోటు సరిపోక ఆఖరి మాట అంచు వెంబడి నిలువుగా పోయింది.

"భయపడవద్దు" అని ఎందుకు రాయించాడో మా పెద్దత్త చెప్పింది. ఆవిడ మా నాన్నకి అక్క, ఎనభై దాటింది, చెవులు కాస్త తగ్గాయి గానీ మాట తగ్గలేదు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ తాత చెప్పినదట: "భూమి ఊగిపోయిన నెల్లోనే కత్తులు లెగిసినాయి." మేమంతా దీన్ని తాతల కోతలనే అనుకున్నాం. భూకంపమూ కత్తులూ ఒకే నెల్లోనా? తీరా చూస్తే 1930 మే 5న పెగూలో పెద్ద భూకంపం వచ్చింది, రంగూను కూడా దెబ్బతింది. అదే నెల 26న రంగూను రేవులో తెలుగు కూలీల మీద దాడులు మొదలయ్యాయి. అంతకుముందు మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళని పనిలోకి తీసుకున్నాయి. తర్వాత రాజీ కుదిరి పాతవాళ్ళని రమ్మని, కొత్తవాళ్ళని పొమ్మన్నారు. ఆ రోజే గొడవ. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. చరిత్ర పుస్తకాల్లో ఉన్న ముక్కని మా పెద్దత్త ఒక్క వాక్యంలో, తేదీ లేకుండా, సరిగ్గా మోసుకొచ్చింది.

పెద్దవాళ్ళని "ఎప్పుడు జరిగింది" అని అడగడం దండగ. "ఎప్పుడో ఏటో నాకేటి తెలుస్తాది?" అంటారు, అక్కడితో కథ ఆగిపోతుంది. "అప్పటికి నువ్వు పుట్టావా? మీ అమ్మ ఏ ఇంట్లో ఉంది? ఆవు ఉందా, అమ్మేశారా?" అని అడగాలి. పెద్దత్తకి వాళ్ళ తాత రంగం నుంచి వచ్చిన యేడు తెలీదు. కానీ "నేను చంటిగుంట. నన్ను చూసి ఈ గుంట ఎవరిదని అడిగినాడంట" అంది. అంటే 1942. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు. ఆయనా అలాగే వచ్చాడు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడితే, అవి ఈయన వెనకాలే వచ్చాయని ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవారట. నడిచిన దారి గురించి మాత్రం ఆయన చచ్చేదాకా ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదని పెద్దత్త అంది.

కూపన్ల దగ్గర నాకొక అనుమానం తగిలింది. అన్నిటికన్నా చివరిది 1931 మార్చి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. ముత్తాత భార్య, మా తాతమ్మ, ప్రతి ముక్కా దాచిన మనిషి. కందిపప్పు కొన్న చీటీ కూడా దాచింది.

ఇక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. 1983 తర్వాతవైతే ఆన్‌లైన్‌లో ఇంట్లో కూర్చుని ఈసీ తీసుకోవచ్చు. వెనకటివి కావాలంటే దరఖాస్తు పెట్టి వెతికించుకోవాలి. ఒరిజినల్ దస్తావేజు పోయినా దిగులు లేదు. రిజిస్ట్రీ అయిన ప్రతి దస్తావేజునీ గుమాస్తా చేత్తో వాల్యూములోకి ఎక్కించేవాడు, ఆ వాల్యూములు ఇంకా ఉన్నాయి. కొన్నింటిని చెదలు నాతో సమానంగా చదివాయి, అది వేరే సంగతి. వెతకడానికి ఇండెక్సులు రెండు. ఒకటి పేరు పట్టి, ఒకటి ఆస్తి పట్టి. ఆస్తి పట్టి వెతకడం మా ఊరికి కుదరదు. మాది జమీందారీ ఊరు. ఎస్టేటు గ్రామాలకి సరైన సర్వే 1948 చట్టం వచ్చి జమీందారీలు రద్దయ్యాకే. అంతకుముందు దస్తావేజుల్లో సర్వే నంబర్లుండవు. మడికో పేరు, నాలుగు హద్దులు, అంతే. జిల్లా పేరు కూడా కుదురుగా ఉండదు. 1936 ఏప్రిల్‌కి ముందు గంజాం జిల్లా చికాకోల్ తాలూకా. ఒరిస్సా విడిపోయాక విశాఖపట్టణం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. మా ఊరు ఉన్నచోటే ఉండి మూడు జిల్లాలు తిరిగింది.

ముత్తాత పేరు మీద వెతికిస్తే 1927 ఫిబ్రవరిలో ఒకటే దొరికింది. స్వాధీన తనఖా. అందులో ఇలా ఉంది: "నేను రంగూను పోవుటకు ప్రయాణ ఖర్చుల నిమిత్తమున్ను, నా కుటుంబ భరణం నిమిత్తమున్ను మీవద్ద ఈ దినం రొక్కం పుచ్చుకొన్న రు 75 లు, అక్షరాలా డెబ్బదియైదు రూపాయలు." ఉన్న ఒక్క మడీ షావుకారు స్వాధీనంలోకి పోయింది. అది తిరిగొచ్చినట్టు ఎక్కడా కాగితం లేదు. ఆ జూన్‌లోనే మా తాతని బళ్ళో వేశారు. బడి అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీ జూలై 1. ఆ పేజీలో పిల్లలు సగంమంది జూలై 1నే పుట్టారు, అయ్యవారు ఎవరినీ నొప్పించలేదు. తండ్రి లేదా సంరక్షకుడు అన్న గడిలో మాత్రం తండ్రి పేరు కొట్టేసి మేనమామ పేరు రాశారు. అంటే అప్పటికే ఆయన వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత 1927 నుంచి 1942 దాకా ఆయన పేరు మీద అమ్మకం లేదు, కొనుగోలు లేదు. మరి రంగం మడి?

దారి చూపించింది పక్క మడివాళ్ళు. వాళ్ళ పాత దస్తావేజు ఒకటి అర్థం కాక నాకు తెచ్చి చూపించారు. 1934ది, వాళ్ళ ముత్తాత కొన్నది. వాళ్ళకి కావలసింది విస్తీర్ణం. నా కళ్ళు హద్దుల దగ్గర ఆగిపోయాయి. "తూర్పు: గెడ్డ. దక్షిణం: చెరువు గట్టు. పడమర: రంగూను వెళ్ళిన ఫలానావాడి భార్య ఫలానామె కౌలుకు సాగుచేయుచున్న జువ్వి మడి." ఆ ఫలానామె మా తాతమ్మ. సొంత మడి షావుకారు చేతిలో ఉంటే ఆవిడ పక్క మడి కౌలుకి చేసింది. పాత కాగితాల్లో మనవాళ్ళు మన దస్తావేజుల్లో కన్నా పక్కవాళ్ళ హద్దుల్లో ఎక్కువ కనపడతారు. ముఖ్యంగా ఆడవాళ్ళు. వాళ్ళ పేరున ఆస్తి ఉండదు, సంతకం ఉండదు, ఓడ టిక్కెట్టు ఉండదు. పక్కవాడి పడమటి హద్దులో మాత్రం నడుం వంచి కనపడతారు. మా లోన్ల సెక్షన్‌లో హద్దులు చదివే ఓపిక ఎవరికీ లేదు. సర్వే నంబరు చూసి సంతకం పెట్టేస్తారు.

తర్వాత ఎస్టేటు రద్దయ్యాక తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ నకలు తీయించాను. ఎస్ఎఫ్ఏ అంటారు ఆఫీసుల్లో. ఫసలీ లెక్కలో, అంటే పాత రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ జూలైతో మొదలయ్యే సంవత్సరం వస్తుంది. రంగం మడి సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు గడిలో తాతమ్మ పేరు. అప్పటికి ముత్తాత బతికే ఉన్నాడు, ఇంట్లోనే ఉన్నాడు. అయినా పట్టా ఆవిడది.

అప్పుడు ఆవిడ పేరు మీద ఇండెక్సు వెతికించాను. 1939 మే. క్రయ దస్తావేజు. కొన్నది ఆ జువ్వి మడే, జిరాయితీ (రైతు సాగు భూమి). రంగం మడితో నాలుగు హద్దులూ సరిగ్గా కలిశాయి. ధర 210 రూపాయలు. అందులో 90 రూపాయలు అమ్మినవాడి ప్రోనోటు బాకీ కింద షావుకారుకి ఆవిడే కట్టేటట్టు, మిగతా 120 రిజిస్ట్రారు ఎదుట రొక్కం. అంటే ఎవరి బాకీ ఎంతుందో తెలుసుకుని, షావుకారుతో మాట్లాడుకుని, మడివాడిని ఒప్పించి కొన్నది. ఇవాళ మా బ్యాంకులో చదువుకున్నవాళ్ళు కూడా ఇంత తెలివిగా కొనరు. కింద రాసినది: "వేలిముద్ర." సాక్షి సంతకం మేనమామది.

రంగం నుంచి డబ్బాగిపోయి అప్పటికి ఎనిమిదేళ్ళు.

కాగితాలు పట్టుకుని పెద్దత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు మాట తప్పించింది. "మగోడి సంగతి ఇప్పుడేల?" అంది. కాసేపయ్యాక తనే మొదలుపెట్టింది. అక్కడ ఆయనకి ఇంకో సంసారం ఉండేదని ఊళ్ళో అనుకునేవారట. వాళ్ళ మామ్మ ఆ ఊసు ఎత్తనిచ్చేది కాదట. ఆయన తిరిగొచ్చినప్పుడు గుమ్మంలో నీళ్ళిచ్చి లోపలికి రమ్మందట, అంతే. మిగతా జీవితం ఆయన అరుగు మీద, ఆవిడ కల్లంలో.

డబ్బు ఎక్కడిదని అడిగాను. "గోగునార" అంది. గోగు కట్టలు చెరువులో ఊరేసి, కుళ్ళాక నడుంలోతు నీళ్ళలో నిలబడి నార ఒలిచి, ఉతికి, ఆరేసి అమ్మేవారు. మా వైపు గోగునార భీమిలి నార పేరుతో ఓడలెక్కేది, చిట్టివలస, నెల్లిమర్ల జూటు మిల్లులకి వెళ్ళేది. తాతమ్మ మొదట కూలికి ఒలిచింది. తర్వాత నలుగురి దగ్గర కొని బండికి ఎత్తించేది. చేతుల వాసన పోయేది కాదని, పండగ రోజు బూరెలు తాతమ్మ చేత్తో పెడితే పిల్లలు ముక్కు మూసుకుని తినేవారని పెద్దత్త నవ్వింది. ఇంత తెలిసిన మనిషి, ఆ నారకీ ఈ మడికీ ముడి ఎప్పుడూ వెయ్యలేదు. మడి తాతది, నార మామ్మది. రెండు కథలూ రెండు అరల్లో ఉండిపోయాయి.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో దస్తావేజు ఫోటో పెట్టాను. మా చెల్లెలు వెంటనే తాతమ్మ పేరు పిల్లకి పెడతానంది, ఇంకా పిల్ల పుట్టలేదు. అమెరికాలో ఉన్న తమ్ముడు దండం బొమ్మ పెట్టాడు. చిన్నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ చేసి, "మేస్త్రీ చేత చేతికే డబ్బు పంపి ఉండొచ్చు కదా, అన్నీ మనియార్డర్లే పంపాలా?" అన్నాడు. వాదన గట్టిదే. మేస్త్రీల చేతి డబ్బు నిజంగానే నడిచేది, దానికి కూపన్లుండవు. కానీ అలా పంపిన డబ్బుంటే షావుకారు దగ్గరున్న మొదటి మడి విడిపించుకునేవాళ్ళు కదా అన్నాను. ఆయన "సరేలే, సంక్రాంతికి మాట్లాడుకుందాం" అన్నాడు. కథ మార్చడం ఆయనకి ఇష్టం లేదు. నలభై ఏళ్ళుగా చెప్తున్న కథ, నేనైనా అంత తేలిగ్గా వదలను.

పెద్దత్తకి మాత్రం దస్తావేజు మొదట్నుంచీ చదివి వినిపించమని ఇంకోసారి పిలుపొచ్చింది. చెవి దగ్గర కూర్చుని గట్టిగా చదివాను. హద్దులు విన్నప్పుడు తలూపింది. షావుకారు పేరు వచ్చినప్పుడు మొహం చిట్లించింది. ధర దగ్గరకి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది.

"ఎంత?"

"రెండువందల పది, అత్తా."

"ఓలమ్మో, ఇదేనా! కోపమొస్తే మా మామ్మ ఎప్పుడూ అనీది, ఆ ఎదవకి ముప్పై రూపాయలు ఎక్కువిచ్చీసినానే అని. ఎవుడికో, దేనికో మాకెవులికీ తెలవదు. నూటెనభైకి ఒప్పుకునీవోడంట, మా మామ్మ అన్నయ్య నోరు జారి ఈవిడ దగ్గర డబ్బుందని సెప్పీసినాడంట. సచ్చీదాకా అన్నయ్యని తిట్టింది."

సాక్షి సంతకం ఆ అన్నయ్యదే.